భూమి చెంతకు వచ్చు గ్రహశకలములు - వానిని చూడబూనిన సామాన్యులు

మన గ్రంథాలయమున పుస్తకముల జాబితా, చందాల లెక్క, సందర్శకుల అభిప్రాయములు అను మూడు పుస్తకములుగాక నాలుగవది యొకటి కలదు. దాని అట్టమీద "విశేషములు" అని వ్రాసియున్నది. సభలు, పెద్దల రాకపోకలు, గాలివానలు, పంటల సంగతులు అందు వ్రాయుచుందుము. రజతోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరినపుడు, విషయము దొరకునేమో యని ఆ పుస్తకమును తిరుగవేయుచుండగా 2013 ఫిబ్రవరి 16వ తేదీ క్రింద నా చేతివ్రాతలోనే యొక పంక్తి కనబడినది.

"రాత్రి 12-30 మొదలు 1-30 వరకు మేడమీద అయిదుగురము వేచియుంటిమి. ఆకాశము నిర్మలము. శిల కనబడలేదు."

చదువరులలో పలువురకు ఈ పంక్తి అర్థము కాకపోవచ్చును. ఏ శిల? ఎందులకు వేచియుంటిమి? కనబడనిదానిని వ్రాయుట యెందులకు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నేను పండితుడను కాను. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. మా తండ్రిగారు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవి రద్దగుటతో దస్త్రములు మా యింటినుండి వెడలిపోయినవి గాని, లెక్క తప్పరాదను బుద్ధి మాత్రము ఇంటనే నిలిచినది. గురుముఖమున శాస్త్రము నేర్చుకొను భాగ్యము నాకు లేకపోయెను. ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండి తెలిసినంత చదువుకొంటిని. కావున తప్పులున్నచో పెద్దలు మన్నింతురుగాక.

సామాన్యుల సేవ

ఆకాశమునుండి రాలు వస్తువులను మన పూర్వులు శ్రద్ధతో గమనించిరి. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉల్కాలక్షణమునకై ఒక అధ్యాయమునే కేటాయించి, వానిని ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని అయిదు విధములుగా విభజించెను. అయితే కుజ బృహస్పతుల నడుమ అసంఖ్యాకములైన చిన్న శిలలు సూర్యుని చుట్టు తిరుగుచున్నవని 1801వ సంవత్సరమునకు పూర్వము లోకమున నెవ్వరికిని తెలియదు. ఆ యేటి జనవరి 1వ తేదీన సిసిలీ ద్వీపమందలి పలెర్మో నగరమున పియాజీ అను క్రైస్తవ మతాచార్యుడు సెరెస్ అను దానిని మొదట కనుగొనెను. ఆయన ఫిబ్రవరి 11 వరకు దానిని కనిపెట్టి చూచెను. పిమ్మట అది సూర్యకాంతిలో మునిగి కనుమరుగాయెను. దొరకిన వస్తువు దొరకినట్లే పోయినది.

అప్పుడు గౌస్ అను ఇరువది నాలుగేండ్ల జర్మను యువకుడు, పియాజీ వ్రాసియుంచిన స్థానములను, వేళలను మాత్రమే ఆధారముగా గైకొని, అది మరల ఏ దిక్కున ఉదయించునో లెక్క కట్టెను. సంవత్సరము తిరుగునప్పటికి ఆ లెక్క చూపిన తావుననే సెరెస్ దొరకెను. ఇచ్చట మనము గమనింపవలసిన దొకటి కలదు. పియాజీ చూచుట మాత్రమే చేసి, వేళను వ్రాయకుండినచో గౌస్ మేధ యెంత గొప్పదైనను ఫలము లేకపోయెడిది.

సెరెస్‌ను మరల చూచినవారిలో ఓల్బర్స్ ఒకడు. ఆయన బ్రెమెన్ నగరమున వైద్యుడు. పగలు రోగులను చూచుచు, రాత్రులు తన యింటి పైయంతస్తునుండి ఆకాశమును చూచుచుండెడివాడు. ఆయనయే 1802లో పల్లాస్‌ను, 1807లో వెస్టాను కనుగొనెను. తరువాత చాల యేండ్లు క్రొత్త గ్రహశకలము లేవియు దొరకకపోగా, వెదకుట వ్యర్థమని పలువురు తలచిరి. కాని డ్రీసెన్ అను చిన్న పట్టణమున హెంకె అను తపాలా ఉద్యోగి మాత్రము వెదకుట మానలేదు. పదునైదేండ్ల శ్రమ పిమ్మట 1845 డిసెంబరు 8న ఆయన ఆస్ట్రేయాను, 1847లో హీబీని కనుగొనెను. పదునైదేండ్లు! ఉత్తరముల మూటల నడుమ జీవించినవాడు ఆకాశమందలి చుక్కలకు పటములు గీచుకొని, ఏ చుక్క పటములో లేదో చూచుకొనుచు గడపెను. లెక్కలు వ్రాయువాడనగుటచే కాబోలు, ఈ తపాలా ఉద్యోగి కథ చదివినప్పుడెల్ల నాకు గౌస్ కథకన్న ఇదియే హృదయమునకు హత్తుకొనును.

మన దేశమును ఈ చరిత్రలో లేకపోలేదు. 1861లో మద్రాసు నక్షత్రశాలనుండి పోగ్సన్ దొర ఒక గ్రహశకలమును కనుగొని, దానికి ఆసియా అని పేరిడెను. మన ఖండమునుండి కనుగొనబడిన మొదటి గ్రహశకలము అదియే.

లంబనము

ఇక భూమి చెంతకు వచ్చు శిలల సంగతి. చేయి చాచి బొటనవ్రేలు నిలువుగా నుంచి, ముందు ఎడమకన్ను, పిదప కుడికన్ను మూసి చూడుడు. వ్రేలు అటునిటు జరిగినట్లు తోచును. వెనుకనున్న తాటిచెట్టు మాత్రము కదలదు. దగ్గరగా నున్నది ఎక్కువ జరుగును, దూరముగా నున్నది తక్కువ జరుగును. ఈ జరుగుటనే మన శాస్త్రమున లంబనము అనిరి. సూర్యసిద్ధాంతము సూర్యగ్రహణమును చెప్పుచోట లంబనమును, నతిని లెక్కించు విధమును చెప్పుచున్నది. గ్రహణము ఒక ఊర ఒక విధముగను, మరియొక ఊర వేరు విధముగను కనబడుటకు ఇదియే కారణము. పొలము కొలుచువారు ఏటి కావలి గట్టున నున్న చెట్టు దూరమును, ఏరు దాటకయే, ఈ గట్టున రెండు చోట్లనుండి చూచి తెలిసికొనుటయు ఇట్టిదే.

సూర్యుని దూరము తెలియుటకు ఈ ఉపాయమునే వాడిరి. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబముమీదుగా నల్లని చుక్కవలె సాగిపోయినపుడు లోకమందలి జ్యోతిర్విదులు నలుదెసలకు పోయి చూచిరి. ఆ దినమున మన విశాఖపట్టణమున అంకితం వెంకట నరసింగరావుగారు తమ సొంత వేధశాలనుండి దానిని చూచి, వేళలు గుర్తించి, ఇంగ్లాండునకు వ్రాసి పంపిరి. 1840 ప్రాంతమున గోడే వెంకట జగ్గారావుగారు స్థాపించిన వేధశాల అది. ఆ కాలమున ఒక తెలుగువాడు తన యింటి తోటలో నిలిచి సూర్యుని దూరమును కొలుచు మహాకార్యమున పాలుపంచుకొనెనని మనలో నెందరెఱుగుదురు?

శుక్రుడు సూర్యుని దాటుట బహు అరుదు. కావున దగ్గరగా వచ్చు మరియొక వస్తువు కావలసివచ్చెను. 1898 ఆగస్టు 13న బెర్లిను నగరమందలి యురేనియా వేధశాలలో విట్ అనునాయన ఈరోస్ అను గ్రహశకలమును కనుగొనెను. యురేనియా యనునది జనసామాన్యమునకు శాస్త్రము నేర్పుటకై పెట్టిన సంస్థ, అనగా ఒక విధమున మన గ్రంథాలయము వంటిదే. ఈరోస్ కుజుని కక్ష్యను దాటి లోపలికి, భూమికి చేరువగా వచ్చును. 1931 జనవరిలో అది సుమారు 2 కోట్ల 60 లక్షల కిలోమీటర్ల దూరమునకు వచ్చినపుడు అనేక దేశములవారు దానిని ఫొటోలు తీసిరి. ఇంగ్లాండున స్పెన్సర్ జోన్స్ ఆ లెక్కలన్నియు కూర్చి సూర్యుని దూరమును తేల్చుటకు పదియేండ్లు పట్టెను.

పోయిన లెక్క

1937 అక్టోబరు 28న జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రైన్‌ముత్ తీసిన ఫొటో పలకమీద ఒక పొడుగాటి గీత కనబడినది. వేగముగా పోవు వస్తువు గీతగా పడును. దానికి హెర్మెస్ అని పేరు పెట్టిరి. రెండు దినములలో అది చంద్రుని దూరమునకు రెండింతలకన్న తక్కువ దూరమున భూమిని దాటిపోయెను. అంత దగ్గరగా వచ్చిన గ్రహశకలము అంతకు పూర్వము ఎవ్వరికిని తెలియదు. కాని కొలది దినముల చూపులు మాత్రమే దొరకుటచే దాని మార్గమును సరిగా కట్టలేకపోయిరి. హెర్మెస్ పోయినది.

ఆ పోయినది ఒకటి రెండేండ్లు కాదు. అరువదియారేండ్లు! 2003 అక్టోబరు 15న అమెరికాలోని లోవెల్ వేధశాలలో స్కిఫ్ అనునాయన దానిని మరల పట్టెను. పిదప రాడారుతో చూడగా అది ఒక శిల కాదనియు, ఒకదాని చుట్టు నొకటి తిరుగు జంట యనియు తేలినది. దస్త్రములో నొక పేరు జారిపోయినచో తరువాతి తరమువారు ఎంత వెదకవలసివచ్చునో మా కులవృత్తివారికి తెలియును. ఆకాశపు దస్త్రమునకును అదియే గతి.

శ్రీపంచమి నాడు

ఇప్పుడు మన పంక్తికి వత్తును. స్పెయిను దేశమున గ్రనడా ప్రాంతమందలి లా సాగ్రా అను కొండమీద కొందరు ఔత్సాహికులు దూరదర్శినులు పెట్టుకొని గ్రహశకలములను వెదకుచుండిరి. ఔత్సాహికులనగా జీతము కొఱకుగాక ప్రీతిచే చేయువారు. వారిలో నొకరైన హాయిమే నోమెన్ వృత్తిరీత్యా దంతవైద్యుడు. 2012 ఫిబ్రవరి 23న వారి కెమెరాలో వేగముగా కదలు వస్తువు ఒకటి పడినది. అది అప్పటికే భూమిని దాటిపోవుచుండెను. లెక్క కట్టగా, మరుసటి యేడు 2013 ఫిబ్రవరి 15న అది భూతలమునకు సుమారు 27,700 కిలోమీటర్ల దూరమున మాత్రమే పోవునని తేలినది. మన టెలివిజను ప్రసారములకు వాడు ఉపగ్రహములు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరుగును. అనగా ఈ శిల వానికన్న లోపలినుండి పోవునన్నమాట. భూమిని మాత్రము తాకదని ముందుగనే నిశ్చయముగా తెలిసినది. తరువాతి కాలమున దానికి డుయెండే అని పేరు పెట్టిరి.

ఆ వార్త చదివి మన గ్రంథాలయ సభ్యులము కొందరము దానిని చూడ నిశ్చయించితిమి. కంటికి కనబడు చుక్కలకన్న అది మందముగా నుండును, కాని జంట దుర్భిణితో చూడవచ్చునని వ్రాసియుండిరి. విశ్రాంత ఉపాధ్యాయులైన మాస్టారుగారి యొద్ద జంట దుర్భిణి యొకటి యుండెను. ఒక పత్రికలో పడిన నక్షత్రపటమును కత్తిరించి దాచుకొంటిమి.

ఆ దినము నందన నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి, శుక్రవారము. శ్రీపంచమి యగుటచే ఉదయమున గ్రంథాలయమున సరస్వతీపూజ జరుపుకొంటిమి. మధ్యాహ్నమునకు విపరీతమైన వార్త వచ్చినది. మన గడియారముల ప్రకారము ఉదయము 8-50 గంటల వేళ, రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగరముపై ఆకాశమున సుమారు ఇరువది మీటర్ల శిల యొకటి ప్రేలినది. నేలకు ముప్పది కిలోమీటర్ల ఎత్తుననే ప్రేలినను, ఆ గాలి దెబ్బకు వేల ఇండ్ల కిటికీ అద్దములు పగిలి, సుమారు 1,500 మంది గాయపడిరి. వెలుగు చూచి ఏమిటో యని కిటికీల యొద్దకు వచ్చినవారికి, కొంతసేపటికి చేరిన ప్రేలుడు గాలిచే అద్దపు పెంకులు తగిలినవి. అది సూర్యుని దిక్కునుండి వచ్చుటచే ఎవ్వరును ముందుగా చూడలేదు.

రాత్రికి రావలసిన శిలయే ముందుగా వచ్చినదని మన ఊర కొందరు భయపడిరి. కాని రెంటికిని సంబంధము లేదు. వాని మార్గములు వేరు, వచ్చిన దిక్కులు వేరు. పిలిచిన అతిథికై లోకమంతయు రాత్రి వఱకు వేచియుండగా, పిలువని అతిథి ఉదయముననే తలుపు పగులగొట్టినట్లు జరిగినది. మన తెలివి ఎంతమాత్రమో ఆ ఒక్క దినము చూపినది. చూచుచున్నదానిని క్షణములతో సహా చెప్పగలిగితిమి, చూడనిదానిని గూర్చి మాత్రము ఏమియు ఎఱుగకపోతిమి.

రాత్రి పండ్రెండున్నరకు మేడమీదికి ఎక్కితిమి. శిల అన్నిటికన్న దగ్గరకు వచ్చు వేళ మన లెక్కకు రాత్రి 12-55. పంచమి చంద్రుడు అప్పటికే అస్తమించెను. మబ్బు లేదు. పటములో గుర్తించిన తావునకు దుర్భిణి గురిపెట్టి, గోడ గడియారము వేళను క్రిందినుండి ఒక బాలుడు కేక వేయుచుండగా, వంతులవారీగా చూచితిమి. ఒకటి దాటెను. ఒకటింబావు అయ్యెను. ఏ చుక్కయు కదలలేదు.

"బాబాయిగారూ, అది వెళ్ళిపోయిందంటారా?" అని ఆ బాలుడు పైకి వచ్చి నన్ను అడిగెను.

నేను పుస్తకము తెరచి, మాస్టారుగారిని చూచి, "ఏమి వ్రాయమంటారు మాస్టారూ? కనబడనిదానికి వ్రాత యెందుకు?" అంటిని.

ఆయన నవ్వి, "కనబడలేదనే వ్రాయి నాయనా. అదీ లెక్కే" అనిరి.

తప్పు దొరకిన విధము

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆస్ట్రేలియా మొదలు ఐరోపా వరకు ఎందరో చూచి చిత్రములు తీసిరని మరునాడు తెలిసినది. ఆకాశము నిర్మలమే, దుర్భిణి మంచిదే. మరి మనకు ఎందుకు కనబడలేదు? మొత్తములు కలియనప్పుడు పద్దులన్నియు మరల చూచుకొనుట మా అలవాటు. అట్లే చూచితిని.

మొదటి తప్పు పటములో దొరకినది. అది ఢిల్లీ నగరమునకు గీచిన పటము. ఆ మాట క్రింద చిన్న అక్షరములలో ఉండనే ఉన్నది. మేము చదువలేదు. సాధారణ గ్రహములకైనచో ఢిల్లీ పటమునకును మన ఊరి పటమునకును భేదముండదు. గురుడు, శని కోట్ల కిలోమీటర్ల దూరమున నుందురు. ఈ శిలయో ఇరువదియెనిమిది వేల కిలోమీటర్ల దూరమున నుండెను. ఢిల్లీకి మన గ్రామమునకు సుమారు 1,300 కిలోమీటర్లు. పైన చెప్పిన బొటనవ్రేలి సంగతి తలచుకొనుడు. ఆ దూరమునకు లంబనము రెండు డిగ్రీలకు మించును. చంద్రబింబపు వెడల్పు అర డిగ్రీ. అనగా నాలుగు చంద్రుల వెడల్పునకు పైగా ఉత్తరమునకు జరిగి ఆ శిల మన ఆకాశమున పోయినది.

రెండవ తప్పు గడియారములో దొరకినది. ఆకాశవాణి వార్తలకు ముందు వచ్చు గంటల గుర్తుతో పోల్చి చూడగా మన గోడ గడియారము నాలుగు నిమిషములు వెనుకబడి యుండెను. పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనుటకు నాలుగు నిమిషములు లెక్కలోనివి కావు. కాని ఆ శిల ఆ వేళ నిమిషమునకు ఇంచుమించు ఒక డిగ్రీ చొప్పున దక్షిణమునుండి ఉత్తరమునకు పరుగెత్తుచుండెను. మేము ఒక తావును చూచునప్పటికి అది నాలుగు నిమిషములకు ముందే ఆ తావును విడిచి, మరి మూడు డిగ్రీలకు పైగా ఉత్తరమునకు పోయియుండెను.

ఈ రెండు తప్పులు ఎదురెదురైనచో కొంత కొట్టివేసికొనెడివి. కాని రెండును ఒకే వైపునకు కూడినవి. మొత్తము అయిదారు డిగ్రీలు. దుర్భిణిలో ఒకసారి కనబడు ఆకాశము ఆరేడు డిగ్రీల వెడల్పు, మధ్యనుండి అంచునకు మూడు మూడున్నర మాత్రమే. కావున ఆ శిల మా చూపు అంచునకు ఆవలినుండియే పోయినది. ఆకాశమును నిందింప పనిలేదు. చోటు తప్పితిమి, వేళ తప్పితిమి. మేము నిర్లక్ష్యము చేసిన రెండు విషయములే పియాజీ వ్రాసియుంచినవి. వానితోనే గౌస్ సెరెస్‌ను తిరిగి తెచ్చెను.

చూచినది, చూడనిది

చెల్యాబిన్‌స్క్ శిల ఎచ్చటినుండి వచ్చినదో శాస్త్రజ్ఞులు పిదప ఎట్లు తెలిసికొనిరో వినుడు. ఏ పెద్ద దూరదర్శినియు దానిని ముందుగా చూడలేదని చెప్పితిని. కాని ఆ దేశమున కార్లలో అద్దము వెనుక చిన్న కెమెరాలు పెట్టుకొను వాడుక కలదు. పనికి పోవుచున్న సామాన్యుల కెమెరాలలోను, వీథులలోని కాపలా కెమెరాలలోను ఆ వెలుగు పడినది. ఆ నగరపు కూడలిలోని దీపస్తంభముల నీడలు ఆ వెలుగుతో పాటు నేలపై తిరుగుట ఒక చిత్రములో కనబడినది. కొలంబియా దేశమున నున్న ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ నీడల పొడవును, దిక్కును, వేళను కొలిచి, ఇతర చిత్రములతో కలిపి, ఆ శిల సూర్యుని చుట్టు తిరిగిన మార్గమునకు ఒక లెక్క కట్టిరి. సూర్యసిద్ధాంతములోని త్రిప్రశ్నాధికారమున శంకువు నీడతో దిక్కును, దేశమును, కాలమును తెలియు విధము చెప్పబడినది. ఇన్ని వందల యేండ్లకు పిమ్మట ఒక దీపస్తంభమే శంకువైనది. చోటు తెలియును, వేళ తెలియును. కావుననే ఆ నీడ సాక్ష్యము చెప్పగలిగెను.

"కనబడలేదు" అను మాటకును విలువ కలదని చెప్పుటకు మరియొక నిదర్శనము. 1975 జనవరి 23 రాత్రి అమెరికా ఈశాన్య భాగమున ఈరోస్ గ్రహశకలము మిథునరాశిలోని ఒక నక్షత్రమునకు అడ్డముగా వచ్చినది. కొలది క్షణములు ఆ నక్షత్రము ఆరిపోవును. ఔత్సాహికులు పలుచోట్ల దుర్భిణులు పెట్టుకొని, ఎచ్చట ఎంతసేపు ఆరినదో గుర్తించిరి. వానినుండి ఈరోస్ ఆకారము పొడుగైనదని తెలిసినది. ఇట్టి పనిలో నక్షత్రము ఆరినదని చెప్పువాని మాట ఎంత అవసరమో, ఆరలేదని చెప్పువాని మాటయు అంత అవసరము. నీడ అంచు ఎచ్చట ముగిసెనో రెండవవాడే చెప్పగలడు. పొలమునకు ఈవలి గట్టు ఎంత ముఖ్యమో, పొరుగువాని చేను ఎచ్చట మొదలగునో తెలియుటయు అంత ముఖ్యము గదా! అయితే ఆరలేదని చెప్పువాడు తాను సరియైన చోట, సరియైన వేళకు చూచితినని చెప్పగలిగియుండవలెను. మన పంక్తికి ఆ బలము లేదు.

పాత వ్రాత భయమును తీర్చిన కథయు ఒకటి కలదు. 2004 జూనులో అమెరికాలో అపోఫిస్ అను గ్రహశకలము కనుగొనబడినది. దాని పొడవు మూడువందల మీటర్లకు పైమాట. ఆ డిసెంబరులో లెక్క కట్టగా, 2029 ఏప్రిల్ 13న అది భూమిని తాకుటకు నూటికి 2.7 పాళ్ళు అవకాశమున్నదని తేలినది. సునామీ మన తీరమును ముంచెత్తిన దినములే అవి, గాన లోకము ఈ వార్తను అంతగా పట్టించుకొనలేదు. ఇంతలో పాత చిత్రములు వెదకగా, అదే సంవత్సరము మార్చిలో తీసిన వానిలో ఎవ్వరును గుర్తింపని ఆ చుక్క దొరకెను. ఆ ఒక్క పాత పద్దు చేరగనే లెక్క సరిపడి, 2029లో తాకదని తేలినది. 2021 మార్చి 7న అమెరికాలో ఔత్సాహికులు ఆ శిల ఒక నక్షత్రమును రెప్పపాటు కాలము కప్పుటను పట్టుకొని, దాని మార్గమును ఇంకను సూక్ష్మముగా తెలియుటకు తోడ్పడిరి. ఆ నెలలోనే రాడారుతో కొలిచి, కనీసము నూరేండ్ల వరకు దానివలన భయము లేదని నిశ్చయించిరి.

విన్నపము

ఈ చరిత్రనంతటిని చూచినచో ఒక మాట స్పష్టమగుచున్నది. ఆకాశవిద్య గొప్ప యంత్రములతో మాత్రమే పెరిగినది కాదు. ఒక వైద్యుడు, ఒక తపాలా ఉద్యోగి, ఒక దంతవైద్యుడు, పనికి పోవుచు కారు నడుపుకొనువాడు - వీరందరును పాలుపంచుకొనిరి. వారికి సాటియైన గుణము పాండిత్యము కాదు, ధనము కాదు. తాము నిలిచిన చోటును, తాము చూచిన వేళను తప్పక గుర్తించుటయే.

2029 ఏప్రిల్ 13న అపోఫిస్ భూతలమునకు సుమారు 32,000 కిలోమీటర్ల దూరమున పోవును. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమ ఆసియా ప్రాంతములలో దానిని దుర్భిణి లేకయే కంటితో చూడవచ్చునని చెప్పుచున్నారు. అంత పెద్ద శిల అంత చేరువగా వచ్చుట బహు అరుదు. మన యువకులు ఆ రాత్రికి ఇప్పటినుండియే సిద్ధపడవలెనని నా విన్నపము. పత్రికలోని ఏదో నగరపు పటమును గాక, మన గ్రామపు అక్షాంశ రేఖాంశములకు గీచిన పటమును సంపాదింపుడు. గడియారమును ముందునాడే సరిచూచుకొనుడు. శిల కనబడునో కనబడదో ఆ పటమే చెప్పును. ఏది జరిగినను విశేషముల పుస్తకమున వ్రాయుడు.

మాస్టారుగారు ఇప్పుడు మన మధ్య లేరు. వారి దుర్భిణి గ్రంథాలయపు బీరువాలో నున్నది. ఆనాడు క్రిందినుండి వేళను కేక వేసిన బాలుడు పెద్దవాడై, దూరపు ఊర ఉద్యోగము చేసికొనుచు, ఏటేట చందా పంపుచున్నాడు. ఈ వ్యాసము వ్రాయుటకు ముందు నేను ఆ పాత పంక్తి క్రింద ఎఱ్ఱసిరాతో మరియొక పంక్తి చేర్చితిని. లెక్కలో తప్పు దొరకినపుడు కొట్టివేయక, ప్రక్కన సవరణ వ్రాసి, సంతకము పెట్టుట మా ఆచారము.

"పై పద్దునకు సవరణ: పటము ఢిల్లీది. గడియారము నాలుగు నిమిషములు వెనుక. శిల వచ్చినది. మేము తప్పిన చోట వెదకితిమి."